తువ్వాలు వేసిన చోటు

ఇశ్రాయేలుకు ఆస్తి ఏముందని అడిగితే కొత్తపాలెంలో ఎవరైనా ఒకటే మాట చెబుతారు: నాలుగు ఇటుకలు. ఇల్లు లేదు, పొలం లేదు. ఉమామహేశ్ గారి మగ్గాల షెడ్డు వెనక వసారా గదిలో అద్దెకుంటాడు. ఆ గదిలోనూ సగం జాగా నూలు కట్టలదే. కానీ చర్చి వెనక సమాధుల తోటలో, చిట్టచివరి వరసలో, భార్య సువార్తమ్మ సమాధిని ఆనుకుని ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు నేల మాత్రం తనదేనని ఆయన నమ్మకం. నాలుగు మూలలా నాలుగు ఇటుకలు పాతాడు. ఏటా ఈస్టరు ముందు సువార్తమ్మ సమాధికి సున్నం కొట్టి, బకెట్లో మిగిలింది ఆ ఇటుకలకు పూస్తాడు. బతికుండగానే తన సమాధికి తనే సున్నం వేసుకునే మనిషి చల్లపల్లి చుట్టుపక్కల ఇంకొకడు లేడు.

ఇటుకలకంటే ముందు అక్కడొక తువ్వాలు ఉండేది. ఆ సంగతి చెప్పకపోతే ఇశ్రాయేలు వట్టి మొండివాడు అనుకుంటారు. మొండివాడే, కాదనడం లేదు. కానీ వట్టినే కాదు.

ఆయన ముప్ఫై ఒక్క ఏళ్లు బెజవాడ ఆటోనగర్లో లారీ బాడీలు కట్టే షెడ్డులో వడ్రంగం చేశాడు. క్యాబిన్ పని ఆయనది. డ్రైవరు కూర్చునే సీటు, వెనక పడుకునే బెర్తు, అన్నం గిన్నె పెట్టుకునే అర, దేవుడి పటం పెట్టుకునే గూడు, అన్నీ ఆయన చేతి మీదుగానే వెళ్లేవి. వారమంతా అక్కడే, సగం కట్టిన ఏదో ఒక క్యాబిన్లో పడుకునేవాడు. శనివారం పని దిగగానే బస్టాండుకు పరుగు. అవనిగడ్డ బస్సు ఇంకా ప్లాట్‌ఫారం మీదికి తిరుగుతుండగానే భుజం మీది తువ్వాలు తీసి, డ్రైవరు వెనక మూడో కిటికీలోంచి విసిరేవాడు. అది పోయి సరిగ్గా సీటు మీద పరుచుకునేది. ఇందులో ఆయనది అందె వేసిన చెయ్యి. ఒకసారి గురి తప్పి ఒక కానిస్టేబులు ఒళ్లో పడిందనీ, ఆ కానిస్టేబులు లేచి సీటిచ్చాడనీ ఆయనే చెప్పేవాడు. మొదటి సగం మాత్రమే నిజమని సువార్తమ్మ అనేది.

పొద్దు గుంకే వేళకి ఇల్లు చేరేవాడు. ఆదివారం చర్చి, మాంసం కూర, ఒక కునుకు. సోమవారం మొదటి బస్సుకి మళ్లీ బెజవాడ. పిల్లలు కలగలేదు. సువార్తమ్మ ఆయన్ని ఆదివారం మొగుడు అని పిలిచేది, పదిమందిలో కూడా. ఒకసారి కూర్చుని లెక్కేసి, ముప్ఫై ఒక్క ఏళ్ల కాపురంలో మనం కలిసి ఉన్న రోజులన్నీ కూడితే నాలుగేళ్లు దాటి కాస్త అని తేల్చింది. పని మానేసి వచ్చేశాక మిగతావన్నీ కలిపి ఇస్తానని ఈయన మాటిచ్చాడు. మానేసి వచ్చాడు కూడా. వచ్చిన పదకొండో నెలలో ఆమె గుండె ఆగిపోయింది.

మట్టి వేయడం అయిపోయి, ప్రార్థన ముగిసి, జనం వెనక్కి తిరుగుతుంటే ఇశ్రాయేలు కదల్లేదు. భుజం మీది తువ్వాలు తీశాడు. కొత్త మట్టి దిబ్బ పక్కన ఖాళీ నేల మీద నెమ్మదిగా పరిచి, నాలుగు కొసలూ సర్ది, అప్పుడు లేచాడు. చూసినవాళ్లకి అదేమిటో వెంటనే అర్థమైంది. బస్సులో ఆయన పక్కన నిలబడి ప్రయాణం చేసినవాళ్లే కదా అందరూ. కొందరికి నవ్వొచ్చింది, నవ్వుతూనే ఏడ్చారు. ఆ తువ్వాలు వానలకు చివికిపోయాక ఇటుకలు వచ్చాయి. ఇదంతా జరిగి ఆరేళ్లు.

ఇక చర్చి సంగతి. మిషనరీల నాటి నుంచి సంఘానికి ఎకరంన్నర నేల ఉంది. ముందు చర్చి, పక్కన పాస్టరుగారి ఇల్లు, వెనక సమాధుల తోట, ఆ వెనక పన్నెండు సెంట్ల సర్కారు తుమ్మ. రెండేళ్ల కిందట కొత్తగా వచ్చిన పాస్టరు ఫిన్నీ గారికి ముప్ఫై రెండేళ్లు. ఆ తుమ్మ చూసి ఆయనకి కడుపు తరుక్కుపోయింది. సంఘంలో పాతిక కుటుంబాలు అద్దె గదుల్లో, పశువుల పాకల వసారాల్లో సర్దుకుంటుంటే దేవుడి నేలలో ముళ్లు పెరగడమేమిటని ఒక ఆదివారం ప్రసంగంలో అడిగేశారు. అందరూ తలలు వంచుకున్నారు, కిందటి ఏడు ఆ తుమ్మ కొట్టి పొయ్యిలో పెట్టుకున్నవాళ్లతో సహా. ఎనిమిది చిన్న ఇళ్లు, ఒక్కోటీ ఒక్కో సెంటులో. నేల సంఘానిదే. ఉన్నవాళ్లు ఉన్నన్నాళ్లు ఉండవచ్చు, అమ్ముకోవడానికి మాత్రం లేదు. సరంజామా సంఘం పెడుతుంది, కూలి పనిలో ఇళ్లవాళ్లు చెయ్యి వేయాలి. మీటింగులో అందరూ చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది ఇశ్రాయేలే.

ఆ చప్పట్లు వెనక్కి తీసుకోవడానికి ఆయనకి నెల పట్టలేదు. ముళ్లు కొట్టించి, పాత పటం ముందు పెట్టుకుని కొలిస్తే, ఇన్నాళ్లూ ఎవరూ చూడని హద్దు రాయి ఒకటి పొదలో బయటపడింది. సంఘం ఇన్నేళ్లూ సమాధులు కంటికి ఆనినంత దూరం తవ్వుకుంటూ పోయింది గానీ టేపు పెట్టి చూసినవాడు లేడు. ఇప్పుడు దారం పట్టి చూస్తే ఆ గీత సరిగ్గా సువార్తమ్మ సమాధి అంచు మీదుగా పోయింది. సువార్తమ్మ దాకా సమాధుల తోట. సువార్తమ్మ పక్క నుంచి ఇళ్ల స్థలం. నాలుగు ఇటుకలూ గీతకి ఆవల, ఎనిమిదో ఇంట్లో పడ్డాయి.

మర్నాడు పొద్దున ముళ్ల మోడులు పెకలించే మిషను వచ్చేసరికి, ఇటుకల మధ్య ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, గొడుగు పట్టుకుని, పేపరు చదువుతూ ఇశ్రాయేలు కూర్చుని ఉన్నాడు. డ్రైవరు హారన్ కొట్టాడు. ఈయన పేజీ తిప్పాడు. డ్రైవరుకి ఏం తోచక కుర్చీ చుట్టూ తవ్వుకుంటూ పోయాడు. మధ్యాహ్నానికి నేలంతా చదునై, మధ్యలో ఒక కుర్చీ, ఒక గొడుగు మిగిలాయి. ఆ రోజు నుంచి అదే వరస. టిఫిను కాగానే వస్తాడు, ఎండ ఎక్కేదాకా కూర్చుంటాడు.

సంఘం కమిటీ కదిలి వచ్చింది. ఫిన్నీ గారు మెత్తని మనిషి. గేటు దగ్గర వేపచెట్టు కింద మంచి చోటు ఉందనీ, చల్లని నీడనీ చెప్పి చూశారు. నీడ అవసరమయ్యే నాటికి తనకి ఎండ తెలియదు కదండీ అన్నాడు ఇశ్రాయేలు. పోనీ సువార్తమ్మకు అటు పక్కన అంటే, అక్కడ ఆటో జయపాల్ వాళ్ల నాన్న శౌరయ్య ఇరవై ఏళ్ల నుంచి పడుకుని ఉన్నాడు. ఆయన్ని జరగమనడం ఎవరి వల్ల అవుతుంది?

అప్పుడు కమిటీ సెక్రటరీ జాన్సన్ మాస్టారు అందుకున్నారు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైనా ఎర్ర పెన్ను జేబులోంచి దిగలేదు. ఎవరు ఏ కాగితం ఇచ్చినా ముందు తప్పులు దిద్ది, తర్వాత చదువుతారు. పునరుత్థానంలో పెళ్లి చేసుకోవడమూ పెళ్లికియ్యడమూ ఉండదని ప్రభువే చెప్పాడు గదా, మరి పక్కనే పడుకోవాలన్న పట్టుదల దేనికయ్యా అని వాక్యం తీసి చూపించారు.

ఇశ్రాయేలు పేపరు మడిచాడు. "పునరుత్థానం సంగతి ప్రభువు చూసుకుంటాడు మాస్టారూ. ఈ మధ్యలో ఉన్న టైము సంగతే నేను అడిగేది."

మాస్టారు బైబిలు మూసేశారు.

చివరికి ఫిన్నీ గారు ఒక్కరే ఉండిపోయి, కుర్చీ పక్కన చతికిలబడి ఉన్న మాట చెప్పారు. ఇళ్లు కట్టినా కట్టకపోయినా, కాగితాల్లో అది నివాస స్థలం. అక్కడ ఎవరినీ పూడ్చడానికి వీల్లేదు. ఈ కుర్చీలో పదేళ్లు కూర్చున్నా ఆ గీత జరగదు. ఇశ్రాయేలు విన్నాడు. గొడుగు కాస్త కిందికి దించుకున్నాడంతే. తన మొహం అయ్యగారికి కనపడటం ఆయనకి ఇష్టం లేకపోయింది. నాలుగేళ్ల కాపురం చేసి మిగతా బాకీ అంతా ఆ ఆరడుగుల మీద పెట్టుకున్న మనిషి. ఆ ఆరడుగులూ పోయాయని తెలిసిపోయింది. అయినా మర్నాడు పొద్దున కుర్చీ ఎత్తుకుని వచ్చాడు, ఇంకెక్కడికి పోవాలో తెలియక.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక శాలిని వచ్చింది. ఈ ఊరి పిల్లే. బెజవాడలో సివిలు చదివి, అక్కడే అపార్ట్‌మెంట్ల దగ్గర సైటు ఇంజినీరుగా చేస్తోంది. ఈ ఎనిమిది ఇళ్ల ప్లాను ఊరికే గీసిపెట్టింది తనే. వందనాలు తాతయ్యా అని, కుర్చీ గురించి గానీ ఇటుకల గురించి గానీ ఒక్క ముక్క ఎత్తకుండా, నేల మీద ప్లాను పరిచి నాలుగు వైపులా నాలుగు రాళ్లు పెట్టి, తల పట్టుకు కూర్చుంది. ఆడవాళ్లు ప్లాను చూసి పెదవి విరుస్తున్నారట. మంచం వేస్తే తలుపు తెరుచుకోదు, తలుపు తెరిస్తే మంచం పట్టదు. సెంటు నేలని లాగితే సాగదు కదా.

"తాతయ్యా, లారీ క్యాబిన్లో ముగ్గురు మనుషులు నెల రోజులు ఎట్లా ఉంటారు?" అని అడిగింది.

అడగాల్సిన మనిషిని అడగాల్సిన ప్రశ్న అడిగితే ఇంకేముంది. ఇశ్రాయేలు చెయ్యి దానంతటదే చెవి వెనక్కి పోయి పెన్సిలు తీసింది. ఏడేళ్లుగా పని లేకపోయినా పెన్సిలు మాత్రం అక్కడే ఉంది. క్యాబిన్లో ఖాళీ జాగా అనేది ఉండదమ్మా అని మొదలుపెట్టాడు. సీటు ఎత్తితే పెట్టె, వీపు వెనక బెర్తు, తల మీద అటక. నీకు మంచం పగలంతా పరిచి ఉండాలని ఎవరు చెప్పారు, గోడకి మడవకూడదా? తలుపు లోపలికి ఎవరు పెట్టమన్నారు, బయటికి తెరుచుకుంటే దాని సొమ్మేం పోయింది? క్రిస్మస్ స్టారు ఏడాదిలో పదకొండు నెలలు ఎక్కడ పెడతారో ఆలోచించావా, ప్రతి ఇంట్లోనూ అది మంచం కింద నలిగి చస్తుంది గదా? ఎండ నడినెత్తికి వచ్చేసరికి ప్లానులో ఆయన తిట్టని గీత లేదు. శాలిని అన్నీ రాసుకుంది.

లేవబోతూ ఆయనకి అనుమానం వచ్చింది. తన ఇటుకలు ఇందులో ఎక్కడ వస్తాయని అడిగాడు. ఆ పిల్ల అబద్ధం చెప్పవచ్చు, చెప్పలేదు. ఎనిమిదో ఇంట్లో, లోపలి గదిలో, తను మంచం గీసిన చోట వేలు పెట్టింది. ఇశ్రాయేలు కుర్చీ ఎత్తుకుని వెళ్లిపోయాడు.

మూడు రోజులు కనపడలేదు. కమిటీవాళ్లు బెంగపెట్టుకున్నారో సంతోషించారో వాళ్లకే తెలియాలి. నాలుగో రోజు కుర్చీ లేకుండా, టేపు పట్టుకుని వచ్చాడు. ఏడు ఇళ్లు ముందు కట్టండి, ఎనిమిదోది ఆఖర్న, అప్పటిదాకా నా ఇటుకల మీద చెయ్యి పడకూడదు అన్నాడు. కమిటీ గబగబా ఒప్పేసుకుంది. పంతం పోయిందనుకుంటే పొరపాటు. ఆ తలుపు మళ్లీ లోపలికే తెరుచుకునేట్టు పెట్టేస్తారేమోనని మూడు రాత్రులు ఆయనకి నిద్ర పట్టలేదు, అదీ అసలు సంగతి.

ఆ తర్వాత ఆరు నెలలు మేస్త్రీలకి నరకం చూపించాడు. ఏ మూల బెత్తెడు జాగా వృథా అయినా పట్టేసేవాడు. ప్రతి కిటికీ కిందా మూత పెట్టె, ప్రతి తలుపు మీదా అటక, మద్ది చెక్కతో గోడకి మడిచే మంచాలు. అన్నీ తనే కోసి, చిత్రిక పట్టి, బిగించాడు. ఆటోనగర్ నుంచి పాత స్నేహితుల చేత బందులూ బోల్టులూ తెప్పించాడు. మొదటి ఇల్లు పూర్తయినప్పుడు ఆడవాళ్లు లోపలికెళ్లి మంచం దించి, ఎత్తి, మళ్లీ దించి మురిసిపోయారు. ఆయన బయట నిలబడి, ఏమీ పట్టనట్టు గోళ్లు చూసుకున్నాడు.

తగువంతా కిటికీల దగ్గరే వచ్చింది. దక్షిణపు గాలి కోసం శాలిని అన్ని ఇళ్లకీ పడక గదిలో దక్షిణం కిటికీ పెట్టింది. దక్షిణాన సమాధుల తోట. మాకు భయమని కాదండీ అంటూ ఒక్కొక్కరే వచ్చారు. పిల్లలు జడుసుకుంటారని ఒకరు, దోమలని ఒకరు, అసలు గాలి మా ఆయనకి పడదని ఒకరు. ఇటుకతో మూసేయమని అందరిదీ ఒకటే మాట. ఇశ్రాయేలుకు ఒళ్లు మండింది. ఆ లోకంలో కలుసుకుందామని పాటలు పాడి పంపించారు గదా, ఇప్పుడు కిటికీలోంచి కనపడితే ఏమైందంట అని దులిపేశాడు. కిటికీలు అలాగే ఉండిపోయాయి. కానీ ఏడు ఇళ్లవాళ్లూ రెక్కలు బిగించి, అడ్డంగా బీరువాలు జరిపేశారు.

ఇంకా కట్టని ఎనిమిదో ఇంటికి చీట్లు తీశారు. జయపాల్ పేరు వచ్చింది. ఎనిమిదో ఇంటి కిటికీ తెరిస్తే చెయ్యి చాపినంత దూరంలో సమాధి. జయపాల్ మూడు రోజులు ప్రార్థన చేసి, ఎందుకో మనసుకి సమాధానం కలగడం లేదండీ అని చీటీ తిరిగి ఇచ్చాడు. తర్వాతి పేరు అంగన్‌వాడీ టీచరు శౌరమ్మది. ఆమెకి దేవుడి నడిపింపు రాలేదు. మూడోవాళ్లు ప్రార్థన దాకా కూడా పోలేదు, విన్న వెంటనే వద్దన్నారు. కమిటీ విసిగిపోయి, ఇక ఇల్లు వద్దు, అక్కడ ఒక షెడ్డు వేసి పెళ్లిళ్ల కుర్చీలూ షామియానా గుంజలూ పెట్టుకుందామని తేల్చింది.

నిజానికి ఇశ్రాయేలు సంతోషించాలి. ఇటుకల మీద ఎవరూ కాపురం ఉండరు. కానీ ఆయనకి రోషం వచ్చింది. జీవితంలో ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి సువార్తమ్మ. ఈ ఊళ్లో సగం పురుళ్లకి వేడినీళ్లు కాచి పోసిన మనిషి. ఆమె పక్కన ఉండటానికి ఒక్కరికీ మనసొప్పలేదా? ఆమె పక్కన షామియానా గుంజలా?

ఆ ఆదివారం మధ్యాహ్నం శాలినిని వెంటబెట్టుకుని అక్కడికి వెళ్లాడు. షెడ్డు కాదు, ఇల్లే కట్టాలి, ముందు మంచం కొలత చూద్దామన్నాడు. టేపు గదిలో మర్చిపోయి వచ్చాడు. మర్చిపోతే ఏం, మనిషిని ఉన్నాను కదా, నా పొడుగు అయిదడుగుల ఎనిమిది అని, చెప్పులు విడిచి, నాలుగు ఇటుకల మధ్య వెల్లకిలా పడుకున్నాడు. తల ఇక్కడ, కాళ్లు అక్కడ, రాసుకో అన్నాడు.

తర్వాత కుడివైపు తల తిప్పాడు.

ఆరేళ్లుగా ఆ చోట నిలబడ్డాడు, కూర్చున్నాడు, సున్నం కొట్టాడు. పడుకోవడం మాత్రం ఎప్పుడూ పడుకోలేదు. సువార్తమ్మ పేరు సరిగ్గా కంటి ఎత్తులో ఉంది. మంచం మీద పక్కకి తిరిగితే మనిషి మొహం ఎంత దూరంలో ఉంటుందో అంత దూరంలో. గాలి అటునుంచే వస్తోంది. ఎక్కడో కోడి కూసింది, చర్చిలో ఆడపిల్లలు పాట నేర్చుకుంటున్నారు. ఇదేదో చచ్చాక దొరికేదనుకుని ఇన్నాళ్లూ కాచుకు కూర్చున్నాడు. అంత దాకా ఆగాల్సిన పనేముందని అప్పుడు తట్టింది ఆయనకి. కళ్లలో నీళ్లు చెవుల్లోకి జారాయి. తుడుచుకోలేదు.

చాలాసేపు కదలకపోయేసరికి శాలిని కంగారుగా వంగి చూసింది. తాతయ్యా, లేవండి అంది.

"ఉండమ్మా, లేస్తాను. ఈ కిటికీ మూడడుగుల ఎత్తున వద్దు. మంచం ఎత్తుకే పెట్టు."

ఆ పై ఆదివారం కమిటీ ముందు దరఖాస్తు పెట్టాడు. జాన్సన్ మాస్టారు కళ్లద్దాలు సర్దుకున్నారు. ఇళ్లకి రూల్సు రాసింది ఆయనే. నాలుగో రూలు: ఇళ్లు కుటుంబాలకే, ఒంటిగాళ్లకి లేదు. ఈ రూలు మీదే సొంత మేనల్లుణ్ణి పక్కన పెట్టిన మనిషి. ఫిన్నీ గారు ఏదో చెప్పబోతే, ఉండండి అయ్యగారూ, రూలు రూలే అన్నారు. ఎర్ర పెన్ను మూత తీశారు. పేరు, వయసు, ఇప్పుడున్న చోటు అన్నీ పైకి చదువుతూ వచ్చి, ఒక గడి దగ్గర ఆగారు. అది ఖాళీగా ఉంది.

"కుటుంబ సభ్యులు ఎంతమందయ్యా?"

"ఇద్దరమండీ."

మాస్టారు తలెత్తలేదు.

"రెండో మనిషి ఎక్కడుంటున్నట్టు రాయను?"

"పక్కనే మాస్టారూ. మీరు హద్దు దారం పట్టింది మా ఇద్దరి మధ్యనే గదా."

మాస్టారు ఎర్ర పెన్ను మూత పెట్టేశారు. జేబులు వెతుక్కున్నారు. పక్కనున్నాయన నీలం పెన్ను ఇస్తే తీసుకుని, గడిలో 'ఇద్దరు' అని గుండ్రంగా, బళ్లో బోర్డు మీద రాసినట్టు రాశారు. సంతకం పెట్టవయ్యా అని కాగితం ఇటు తోసి, కళ్లద్దాలు తుడుచుకుంటూ వరండాలోకి వెళ్లిపోయారు. ఆయన భార్య పోయి అప్పటికి రెండేళ్లు. గేటు దగ్గర వేపచెట్టు కింద ఉంది.

ఎనిమిదో ఇల్లు ఏప్రిల్ ఆఖరుకి లేచింది. నాలుగు ఇటుకలనూ తీసి, సున్నం మరకలు మరకల్లాగే ఉంచి, కిటికీ కింద వరసగా పేర్పించాడు. సమాధులకీ ఇళ్లకీ మధ్య కట్టాల్సిన ప్రహరీ గోడ ఆ ఒక్క చోట మాత్రం మోకాలెత్తుకే ఆగింది. ఎందుకు ఆగిందని కమిటీలో ఎవరూ అడగలేదు. మే నెలలో గృహప్రవేశ ప్రార్థన జరిగింది. జనం పట్టక సగం మంది బయటే నిలబడ్డారు, ఇంకో సగం మంచం మడిచి చూస్తూ వేళ్లు నలగ్గొట్టుకున్నారు. అప్పటికే ఎండలు మాడుతున్నాయి. మొదటి ఇంటి బీరువా జరిగిందనీ, రెండో ఇంటి కిటికీ తెరుచుకుందనీ, రోహిణి కార్తె వచ్చేసరికి ఏడుగురికీ సమాధానం కలిగినట్టేననీ ఇశ్రాయేలు అందరికీ చెప్పి నవ్వించాడు. జయపాల్ ఆ మాటకి తల గోక్కున్నాడు.

అందరూ వెళ్లాక ఫిన్నీ గారు గుమ్మం దగ్గర ఆగారు. ఆ రోజు వచ్చినప్పుడు సమాధికి చోటు ఎక్కడ చూద్దామని మెల్లగా అడిగారు.

"గేటు దగ్గర వేపచెట్టు కిందే వెయ్యండి అయ్యగారూ. ఈలోగా ఆవిడకి నేను నచ్చజెబుతాను."

అయ్యగారు వెళ్లాక ఇశ్రాయేలు తలుపు దగ్గరగా వేశాడు. బావి నీళ్లతో ఒళ్లు చల్లబడేదాకా స్నానం చేసి వచ్చి, మంచం దించి, కిటికీ రెక్కలు రెండూ బార్లా తీశాడు. భుజం మీది తడి తువ్వాలు పిండి, ఆ కిటికీ గట్టు మీద పరిచి, కొసలు సర్దాడు. అలవాటు కొద్దీ ఒకసారి అటూ ఇటూ చూశాడు, ఎవరైనా వచ్చి తీసేస్తారేమోనన్నట్టు. తర్వాత తనకే నవ్వొచ్చింది. ఈసారి అది చోటు పట్టుకోవడానికి వేసింది కాదు, ఆరడానికి వేసింది.